వేషం లోపలి మనిషి: మన పాత ఫోటోలను చదవడం ఎలా?

వేసవి సెలవులకు ముందు ఎనిమిదవ తరగతి పిల్లలకు ఒక చిన్న పని అప్పగించాను. ఇంట్లోని పాత ఫోటోలలో ఒకదానిని తెచ్చి, అందులో ఎవరున్నారో, ఎప్పుడు ఎక్కడ తీసినదో పది వాక్యాలలో రాయాలి. తమిళంలో రాసినా సరే, తెలుగులో రాసినా సరే అన్నాను. మన కోవిల్‌పట్టి, విరుదునగర్ ప్రాంతపు తెలుగు ఇళ్లలో పిల్లలు మాట్లాడేది ఒక భాష, రాసేది మరొక భాష కదా.

వచ్చిన ఫోటోలలో మూడింటిని విడిగా తీసి పెట్టుకున్నాను. మొదటిదానిలో ఒక తండ్రి చెన్నైలోని వి.జి.పి. ఉద్యానంలో రాజభటుని వేషం వేసుకున్న మనిషి పక్కన నిలబడి ఉన్నాడు. రెండవదానిలో పాఠశాల విహారయాత్రకు వెళ్లిన ఆడపిల్లలు, వారి భుజాల మీద చేతులు వేసిన ఒక పెద్ద ఎలుగుబంటి. మూడవది నలుపు తెలుపు ఫోటో. పాంచాలంకురిచ్చి కోట వాకిట తలపాగా, మెలితిప్పిన మీసం, చేతిలో కత్తితో ఒక కట్టబొమ్మన్, ఉత్సవానికి వచ్చిన ఒక కుటుంబానికి నమస్కరిస్తున్నాడు.

మూడవ ఫోటో తెచ్చిన పిల్లవాడు "ఇందులో ఉన్నది వీరపాండ్య కట్టబొమ్మన్" అని రాశాడు. "ఆ వేషంలో ఉన్నది ఎవరురా?" అని అడిగితే, "కట్టబొమ్మనే సార్" అన్నాడు. వెనుక కూడా అంతే రాసి ఉంది.

మూడు ఫోటోలలోనూ వేషానికి పేరుంది, లోపల ఉన్న మనిషికి లేదు. ఇది మన ఇళ్లలో మాత్రమే జరిగినది కాదు.

వచ్చినవారిని వేషధారి చేత పలకరింపజేసి, పక్కన నిలబెట్టి ఫోటో తీయించే పద్ధతికి లోకమంతటా పేరు తెచ్చినది అమెరికాలోని డిస్నీల్యాండ్. అది 1955 జూలై 17న కాలిఫోర్నియా రాష్ట్రంలోని అనాహైమ్‌లో ప్రారంభమయింది. మొదట్లో ఆ ఉద్యానానికి సొంత వేషాలు లేవు. మంచు గచ్చు మీద జారుతూ ప్రదర్శనలిచ్చే ఐస్ కపేడ్స్ అనే సంస్థ వద్ద ఉన్న మిక్కీ ఎలుక మొదలైన తొడుగులను అరువు తెచ్చుకున్నారు. అవి రంగస్థలం మీద, దీపాల వెలుగులో, దూరం నుండి చూడడానికి కుట్టినవి. పట్టపగటి ఎండలో, పసిపిల్లవాని ముఖానికి జానెడు దూరంలో చూడడానికి కావు. అందుకే ఆనాటి ఫోటోలు చూసినవారికి నేడు కొంత నవ్వు, కొంత భయం కలుగుతాయి. ఎలుక పెద్ద మనిషంత ఎత్తున ఉంటుంది. నవ్వు గడ్డకట్టినట్లు ఉంటుంది. కొన్నింటిలో పిల్లలు తల్లి చీర వెనుక దాక్కున్నట్లే తల్లి గౌను వెనుక దాక్కుని కనిపిస్తారు. తరువాతి సంవత్సరాలలో ఉద్యానం తన వేషాలను తానే తయారు చేయించుకున్నది. తల పెద్దదిగా, ఒళ్లు పొట్టిగా, పిల్లలకు చేరువగా మార్చారు.

తలతొడుగు వేసుకున్నవారికి అక్కడ ఒక నియమం ఉంది: నోరు విప్పరాదు. సినిమాలో విన్న గొంతు కాక వేరొక గొంతు వినబడితే పిల్లవాని నమ్మకం చెదిరిపోతుంది. కనుక చేతులు ఊపాలి, తల ఆడించాలి, ఒళ్లు కదిలించి నవ్వాలి. చూపు సరిగా ఆనదు, గాలి చాలదు, చెమట తుడుచుకునే వీలు లేదు. ఈ సంగతి తెలిసిన తరువాత ఆ ఎలుగుబంటి ఫోటోను మళ్లీ చూడండి. చిత్రంలో ఆ ఆడపిల్లలు కళ్లు చిట్లించుకుని ఉన్నారు. అంత ఎండ. ఆ బొచ్చు లోపల ఉన్నవారి మాట ఎవరికి తట్టింది?

మనకు వేషధారి పలకరింపు కొత్త కాదు. ఆంధ్రదేశంలో పగటి వేషగాళ్లు ఇంటింటికీ వచ్చేవారు. మన వైపు తెల్లవారుజామున కుడుకుడుప్పైకారులు (ఆంధ్రలో బుడబుక్కలవారంటారు) తలపాగా చుట్టి, చిన్న డమరుకం వాయిస్తూ, జక్కమ్మను తలచుకుని మంచిమాట చెప్పి వెళ్తారు. వారిలో చాలామంది ఇంటి భాష తెలుగే. మన జిల్లాలోని కులశేఖరపట్టినంలో ముత్తారమ్మన్ దసరాకు మొక్కుకున్నవారు కాళిగా, కోతిగా, ఎలుగుగా, రాజుగా వేషం కట్టి ఊళ్లు తిరుగుతారు. అయితే ఒక తేడా ఉన్నది. ఇక్కడ వేషం మన గడప దగ్గరకు వచ్చేది, నోరు తెరిచి మాట్లాడేది. తాళికారంగా ఎవరి కొడుకో, ఏ ఊరివాడో అవ్వలకు తెలిసేది. వినోద ఉద్యానంలో మనమే టిక్కెట్టు కొనుక్కుని వేషం దగ్గరకు వెళ్తాము. అక్కడ లోపలి మనిషిని తెలుసుకోరాదన్నదే నియమం.

మన దేశంలో ఈ ఉద్యానాల ఒరవడి 1980 దశకంలో బలపడింది. 1982 ఢిల్లీ ఆసియా క్రీడల చిహ్నమైన ఏనుగు అప్పు పేరుతో 1984 నవంబరులో ఢిల్లీలో అప్పు ఘర్ తెరిచారు. అది 2008లో మూతపడింది. చెన్నై శివార్లలో కిష్కింత 1995లో వచ్చింది. పేరు మన రామాయణంలోని వానర రాజ్యానిది. హైదరాబాదు వెలుపల రామోజీ ఫిల్మ్ సిటీ 1996లో వెలసింది. అక్కడికి వెళ్లిన మన బంధువుల ఆల్బములలో రాజుల దుస్తులవారు, విదూషకులు తప్పక కనబడతారు.

కాని దక్షిణ జిల్లాల ఆల్బములలో నేను ఎక్కువగా చూసినది వి.జి.పి. "సిలై మనిదన్". చెన్నై తూర్పు తీర రహదారి మీది ఆ ఉద్యానంలో, లండన్ రాజప్రాసాదపు కావలి భటులను చూసి పుట్టిన ఆలోచనతో, 1990 దశకం నుండి ఒక మనిషిని శిల్పంలా నిలబెట్టారు. కదలరాదు, నవ్వరాదు. అతనిని నవ్వించినవారికి బహుమతి ఉండేది. వచ్చినవారు ఎదుట గంతులు వేసేవారు, వెక్కిరించేవారు, చెవి దగ్గర అరిచేవారు. అతడు చలించేవాడు కాదు. ఒకే వ్యక్తి ఆ పనిని సుమారు మూడు దశాబ్దాలు చేశాడు. పత్రికలు ఆయనను గురించి రాసే దాకా ఆ ఫోటోలు ఉన్న ఇళ్లవారికి ఆయన పేరు తెలియదు. మా విద్యార్థి తండ్రి ఫోటోలో నవ్వుతున్నాడు, నవ్వని వాడికి జీతం. నాకు ఆ ఫోటో చూస్తే కొంచెం సిగ్గుగానే ఉంటుంది. ఒకప్పుడు నేనూ ఆయన ముందు గంతులు వేసినవాడినే.

ఇక పాంచాలంకురిచ్చి ఫోటో. దీనిని చదవడం మిగిలిన రెండింటికంటె కష్టం, ఎందుకంటే ఇక్కడ వేషం కూడా అరువుదే.

కట్టబొమ్మన్‌ను 1799 అక్టోబరు 16న కయత్తారులో చింతచెట్టుకు ఉరితీశారు. పాళయంకోట చెర నుండి తప్పించుకున్న ఆయన తమ్ముడు ఊమైత్తురై 1801లో కోటను మళ్లీ కట్టించాడు. ఆ ఏడాది మే నెలలో కంపెనీ సైన్యం దానిని పట్టుకుని నేలమట్టం చేసింది. ఇప్పుడు మనం చూసేది తమిళనాడు ప్రభుత్వం 1974లో కట్టించిన స్మారక కోట. కెమెరా పుట్టకముందే చనిపోయిన కట్టబొమ్మన్‌కు, ఆయన ఎదుట కూర్చుని గీసినదని నమ్మదగిన చిత్రపటం కూడా మనకు దక్కలేదు.

మరి ఆ తలపాగా, ఆ మీసం, ఆ నగలు ఎక్కడివి? శక్తి కృష్ణస్వామి రాసిన నాటకాన్ని శివాజీ గణేశన్ బృందం 1957లో రంగం మీదికి తెచ్చింది. బి.ఆర్. పంతులు దర్శకత్వంలో 1959లో అది రంగుల సినిమా అయింది. తెలుగులోకి "వీరపాండ్య కట్టబ్రహ్మన" అనే పేరుతో వెళ్లింది. ఇంట తెలుగు మాట్లాడిన పాలెగాడు తెలుగు తెరకు అనువాదమై వెళ్లవలసి వచ్చింది, పేరు కూడా మార్చుకుని! 1960లో కైరో చలనచిత్రోత్సవంలో శివాజీకి ఉత్తమ నటుని పురస్కారం లభించింది. కయత్తారులోని విగ్రహాన్ని కూడా ఆయనే పూనుకుని పెట్టించారు. ఆ తరువాత బడి పోటీలలో, ఊరి నాటకాలలో, ఉత్సవాలలో కట్టబొమ్మన్ అంటే ఆ రూపమే.

దీనిని తప్పు పట్టడం నా ఉద్దేశం కాదు. రూపం లేనివానికి ఒక నటుడు రూపమిచ్చాడు. కాని ఫోటోను సాక్ష్యంగా తీసుకునేటప్పుడు జాగ్రత్త అవసరం. 1801 యుద్ధంలో పాల్గొన్న జేమ్స్ వెల్ష్ అనే కంపెనీ అధికారి 1830లో ప్రచురించిన తన జ్ఞాపకాలలో ఊమైత్తురైని పొడవుగా, సన్నగా, జబ్బుపడినవానిలా కనిపించే యువకునిగా వర్ణించాడు. అయినా అతని సైగ ఒక్కటి చాలు, ప్రజలు కదిలేవారట. శత్రువు రాసిన మాట అది. మన వేషాలలో అటువంటి సన్నని వీరుడు ఎన్నడైనా కనిపించాడా?

అదే ఉత్సవంలో తీసిన ఫోటోలలో వెనుక వరుసను చూడండి. మే నెలలో వీరచక్కదేవి ఆలయ ఉత్సవానికి రాజకంబళం వారు ఉరుమి మోతకు దేవరాట్టం ఆడతారు. కాళ్లకు గజ్జెలు, చేతిలో గుడ్డ. అది తాతల నుండి వచ్చిన కట్టు. ఫోటో తీసినవారు సినిమా కట్టబొమ్మన్‌ను నడుమ నిలబెట్టి, ఆటగాళ్లను సగానికి కోసివేశారు. ఒక అంచున ఒక భుజం, ఒక చెయ్యి మాత్రమే మిగిలాయి.

ఇటువంటి ఫోటో మీ ఇంట ఉంటే దాని కాలాన్ని కొంతవరకు మీరే తేల్చవచ్చును. చదరంగా ఉన్న చిన్న నలుపు తెలుపు ఫోటో అయితే ఆగ్ఫా క్లిక్ 3 వంటి పెట్టె కెమెరాతో తీసినది కావచ్చు. ఒక ఫిల్ము చుట్టకు పన్నెండు మాత్రమే వచ్చేవి కనుక అందరూ బిగుసుకుని నిలబడతారు. రంగు ఫోటో ఎర్రబారితే తరచుగా అది 1970, 80 దశకాలది. ఆ కాగితాలలో నీలి రంగు ముందుగా వెలిసిపోతుంది. మూలలో నారింజ రంగు అంకెలుంటే తేదీ ముద్రించే కెమెరా, 1990ల నాటి మాట. అయితే ఆ అంకెలను గుడ్డిగా నమ్మవద్దు, కెమెరాలో తేదీ సరిచేయడం చాలామందికి తెలియదు. స్మారక కోట కనిపిస్తే ఆ ఫోటో 1974కు ముందుది కాదు.

వెనుక రాసేటప్పుడు మెత్తని పెన్సిలు వాడండి. బాల్ పెన్ను గీత ముందు వైపు పొడుచుకు వస్తుంది. జిగురు పుటల ఆల్బములలో అంటుకున్నవాటిని పీకవద్దు, అలాగే నీడన ఉంచి ఫోనుతో ఫోటో తీసుకోండి. లామినేషన్ చేయించవద్దు. అన్నిటికంటె ముందు, ఇంట్లో పెద్దవారు ఉండగానే అడగండి.

మా పిల్లవాడు అడిగాడు. మరునాడు వాళ్ల అవ్వనే బడికి తీసుకువచ్చాడు. ఆమెకు తమిళమూ తెలుగూ రెండూ చదవడం రాదు. ఫోటోను కంటికి దగ్గరగా పెట్టుకుని, "ఇది మా యన్న సారూ" అన్నది. నాటకాల్లో వేషం కట్టేవాడట. ఉత్సవానికి కోట వాకిట నిలబడి వచ్చినవాళ్లకు దండం పెట్టమని పెద్దలు చెప్పారట. కత్తి కర్రది. మీసం జిగురుకు మూతి పుండు పడి రెండు రోజులు గంజి తాగాడట. "ఆ పొద్దు మాకు ఆయన్ని చూసి నవ్వొచ్చింది. ఆయన మాత్రం నవ్వలేదు."

పిల్లవాడు నోరు తెరుచుకుని చూస్తున్నాడు. పెన్సిలు తీసి, ఆమె చెప్పిన పేరును ఫోటో వెనుక తెలుగులో రాశాను. దాని కింద తమిళంలో పిల్లవాడు రాశాడు. ఆమె ఫోటో తిప్పి, అంచున మిగిలిన భుజం మీద వేలు పెట్టి, "ఈడెవరో కూడా నాకు తెలుసు, రాసుకోండి" అన్నది.