నడుం నొప్పి లెక్కలోకి రాదు: సింగరేణిలో ఫిజియోథెరపీ పరిశోధనకు డబ్బెక్కడ?

బొగ్గుబాయి జబ్బు అనగానే అందరికీ ఊపిరితిత్తులే గుర్తొస్తాయి. గోదావరిఖనిలో ఇరవై, ముప్పై ఏళ్లు బాయి దిగినవాళ్లు మాత్రం ముందు నడుము సంగతి చెప్తారు, తర్వాత మోకాళ్ల సంగతి. ఈ రెండు నొప్పులకూ చట్టంలో చోటు లేదు. 1952 గనుల చట్టం 25వ సెక్షన్ కింద నోటిఫై చేసిన వ్యాధుల్లో సిలికోసిస్, బొగ్గు దుమ్ముతో వచ్చే న్యూమోకోనియోసిస్, మాంగనీసు విషం, ఆస్బెస్టాసిస్, కొన్ని క్యాన్సర్లు ఉన్నాయి. 2011లో చప్పుడు వల్ల వచ్చే వినికిడి లోపం, రసాయనాలు తగిలి వచ్చే చర్మవ్యాధి చేరాయి. అరిగిన డిస్కు, చిరిగిన మోకాలి మెనిస్కస్, పట్టేసిన భుజం ఏవీ చేరలేదు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్య కోడ్ మూడో షెడ్యూలులో 29 వ్యాధులున్నాయి. వాటిలోనూ ఇవి లేవు.

నోటిఫై చేసిన జబ్బు కనిపిస్తే డాక్టరు పైకి రాసి పంపాలి. లేని జబ్బుకు ఆ బాధ్యత లేదు. రాయనిది లెక్కకు రాదు. లెక్కలో లేని జబ్బు మీద పరిశోధనకు ఎవరూ డబ్బు పెట్టరు. పరిశోధన లేదు కాబట్టి జాబితాలో చేర్చడానికి ఆధారం లేదంటారు. ఈ చక్రాన్ని ఎక్కడో ఒకచోట తెంచాలి. పరిశోధన నిధి దగ్గర తెంచడం తేలికని నాకనిపిస్తుంది.

ముందు ఈ ఒళ్లు ఎవరివో చూడాలి. తట్టా చెమ్మస్‌తో బొగ్గు ఎత్తి టబ్బులు నింపిన ఫిల్లర్లలో మాల, మాదిగ, నేతకాని కుటుంబాల వాళ్లు, వెనుకబడిన కులాల వాళ్లు పెద్ద సంఖ్యలో ఉండేవాళ్లు. 1990ల మొదట్లో లక్షకు పైగా ఉన్న పర్మినెంట్ కార్మికులు ఇప్పుడు 40 వేల స్థాయికి వచ్చారు. ఫిల్లర్ పనిని ఎస్‌డీఎల్ యంత్రాలు తీసుకున్నాయి, ఓపెన్‌కాస్టులు పెరిగాయి. నొప్పి పోలేదు, చోటు మారింది. అప్పట్లో వంగి ఎత్తడం వల్ల పోయిన నడుము ఇప్పుడు డంపర్ సీట్లో ఎనిమిది గంటల కుదుపుకు పోతోంది. మట్టి తొలగించే ఓబీ పనుల్లో ఆ సీటు ఎక్కువగా కాంట్రాక్టు డ్రైవరుది. కాలనీలు ఊడ్చే ఆడవాళ్ల నడుము, మణికట్టు సంగతి ‘గని ఆరోగ్యం’ అనే మాటలోకే రాదు. ఏ కులం ఏ పనిలో ఉంది, ఆ పని ఏ కీలును అరగదీస్తోంది అనే రెండు ప్రశ్నల్నీ కలిపి అడిగే పరిశోధన మనకు కావాలి.

పర్మినెంట్ కార్మికుడి అరిగిన ఒంటికి మన దగ్గర ఉన్న పేరు ‘అన్‌ఫిట్’. బొగ్గు పరిశ్రమ వేతన ఒప్పందంలోని 9.4.0 క్లాజులో వ్యాధి, గాయంతో పాటు ‘సాధారణ శారీరక దౌర్బల్యం’ అనే మాట కూడా ఉంది. ఆ మాటే ఒక తీర్పు. ముప్పై ఏళ్ల పని చేసిన నష్టం అందులో ముసలితనం కిందికి మారిపోతుంది. అన్‌ఫిట్ అయితే కొడుక్కో కూతురుకో కారుణ్య నియామకం దక్కవచ్చు కాబట్టి, కార్మికుడు నొప్పి ఎక్కువ చేసి చెప్తున్నాడని యాజమాన్యం అనుమానిస్తుంది. కాంట్రాక్టు కార్మికుడిది తలకిందుల పరిస్థితి. నొప్పి ఉందంటే రేపు పనికి పిలవరు, అందుకే దాస్తాడు. ఉత్త ప్రశ్నపత్రం పట్టుకుని వెళ్తే ఈ ఇద్దరి దగ్గరా నిజం సగమే దొరుకుతుంది. వెన్ను ఎంత వంగుతోంది, మోకాలు ఎన్ని డిగ్రీలు ముడుచుకుంటోంది, పిడికిట్లో ఎంత బలముంది అని కొలవగలిగే మనిషి ఫిజియోథెరపిస్టు. ఈ పరిశోధన వాళ్ల చేతికి రావాలనడానికి కారణం ఇదే.

ఇది అసాధ్యమేమీ కాదు. బ్రిటన్‌లో భూగర్భ గనుల్లో కనీసం పదేళ్లు పనిచేసిన బొగ్గు కార్మికుల మోకాలి ఆస్టియోఆర్థ్రైటిస్‌ను 2009లో వృత్తి వ్యాధిగా గుర్తించారు. ఏళ్ల తరబడి పోగుపడ్డ అధ్యయనాలు చేతిలో ఉన్నాయి కాబట్టే అది కుదిరింది. బరువులెత్తడం వల్ల, వాహనాల కుదుపు వల్ల వచ్చే నడుము డిస్కు జబ్బులను జర్మనీ 1993లో జాబితాలో చేర్చింది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2010 జాబితాలో కండరాలు, కీళ్ల జబ్బులకు వేరే విభాగమే ఉంది. మోకాళ్ల మీద, గొంతుక్కూర్చుని చాలాకాలం చేసే పని వల్ల మెనిస్కస్ దెబ్బతినడం అందులో పేరుతో సహా కనిపిస్తుంది. మన దగ్గర కూడా 2007లో జరిగిన 10వ జాతీయ గనుల భద్రతా సదస్సు, కొత్త యంత్రాలను దింపే ముందు వాటి కుదుపును కొలవాలనీ పని భంగిమలను అంచనా వేయాలనీ సిఫారసు చేసింది.

ఇక డబ్బు. ఆస్ట్రేలియాలో బొగ్గు కంపెనీలన్నీ టన్నుకు 5 సెంట్ల చొప్పున ఏకార్ప్ అనే పరిశోధన నిధికి కడతాయి. ఆ నిధితోనే క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయానికి చెందిన రాబిన్ బర్జెస్-లిమెరిక్ బృందం గని వాహనాల సీటు కుదుపును మామూలు ఐఫోన్ యాప్‌తో కొలిచే పద్ధతిని తయారు చేసింది. అదే రేటు ఏడాదికి సుమారు 7 కోట్ల టన్నులు తీసే సింగరేణికి వేసి చూడండి. 20 కోట్ల రూపాయల చుట్టుపక్కల వస్తుంది. అంత అడగక్కర్లేదు. టన్నుకు 10 పైసలైనా ఏడాదికి 70 లక్షలు. నెలకు 37 వేల జేఆర్‌ఎఫ్ లెక్కన 15 మంది పరిశోధక విద్యార్థులను పోషించవచ్చు.

ఇప్పుడున్న దారులు చూద్దాం. కేంద్ర బొగ్గు శాఖకు సైన్స్ అండ్ టెక్నాలజీ పథకం ఉంది. దాని నోడల్ సంస్థ రాంచీలోని సీఎంపీడీఐ. ఉత్పత్తి, భద్రత, బొగ్గు శుద్ధి, పర్యావరణం దాని ప్రధాన అంశాలు. కార్మికుడి నడుమును ‘భద్రత’ కిందికి తేవాలంటే గట్టిగా వాదించాలి. సీఎస్ఆర్ సొమ్ము అంటారు కొందరు. కంపెనీ సొంత ఉద్యోగులకు మేలు చేసే పనులు సీఎస్ఆర్ కిందికి రావని నిబంధనలే చెప్తున్నాయి. రిటైరైనవాళ్లకు, గని పక్క ఊళ్లవాళ్లకు ఆ అడ్డంకి లేదు. జిల్లా మినరల్ ఫౌండేషన్ నిధుల్లో వైద్యం అగ్ర ప్రాధాన్య అంశం. పెద్దపల్లి జిల్లా అధికారుల ముందు పెట్టదగిన అడుగు ఇది.

అసలు చిక్కు దరఖాస్తు పెట్టే మనిషి దగ్గర వస్తుంది. 2021 అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం ఫిజియోథెరపీని స్వతంత్ర వృత్తిగా గుర్తించింది. అయినా యూజీసీ నెట్‌లో ఫిజియోథెరపీ సబ్జెక్టే లేదు. ఎస్సీ విద్యార్థుల జాతీయ ఫెలోషిప్‌కు నెట్ కావాలి. అంటే ఎంపీటీ చేసిన దళిత విద్యార్థి తన సబ్జెక్టుతో కాకుండా సోషల్ మెడిసిన్ లాంటి వేరే సబ్జెక్టుతో నెట్ రాసి ఆ తలుపు తట్టాలి. పెద్ద గ్రాంట్లకేమో సంస్థలో పర్మినెంట్ ఉద్యోగం ఉన్న ప్రధాన పరిశోధకుడు కావాలి. అందుకే విద్యార్థులు ఒంటరిగా వెళ్లకూడదు. రామగుండం ప్రభుత్వ మెడికల్ కాలేజీలో కమ్యూనిటీ మెడిసిన్ లేదా ఎముకల విభాగం అధ్యాపకుణ్ణి ముందు పెట్టుకోండి, ఎథిక్స్ కమిటీ అనుమతి కూడా అక్కడే తీసుకోవచ్చు. కుదుపు కొలవడానికి మైనింగ్ ఇంజనీరును కలుపుకోండి. ఎంపీటీ థీసిస్ స్థాయిలో అయితే పెద్ద ఖర్చేం లేదు. ఒంట్లో తొమ్మిది చోట్ల నొప్పిని అడిగే నార్డిక్ ప్రశ్నావళి 1987 నుంచి ప్రపంచమంతా వాడుతున్నదే. దాన్ని పుస్తకాల తెలుగులోకి కాదు, ఖని తెలుగులోకి తేవాలి.

కంపెనీ డబ్బుతో చేసే పరిశోధన కంపెనీ పాటే పాడదా? పాడగలదు. ఆ భయం న్యాయమైనదే. క్వీన్స్‌లాండ్‌లో నల్ల ఊపిరితిత్తుల జబ్బు అంతరించిందని దశాబ్దాలు నమ్మారు. 2015 నుంచి కేసులు మళ్లీ బయటపడ్డాయి. పాత ఎక్స్‌రేలు తిరగేస్తే వాటిలో కొన్నింటిని సరిగా చదవలేదని తేలింది. మరోపక్క న్యూసౌత్‌వేల్స్‌లో ఆరోగ్య, భద్రతా పరిశోధనకు నిధులిచ్చే ట్రస్టు కోల్ సర్వీసెస్ సంస్థ కింద నడుస్తుంది. ఆ సంస్థలో గని యజమానుల సంఘంతో పాటు కార్మిక సంఘం కూడా సహ యజమాని. సింగరేణిలో నిధి అడిగే సంఘాలు ఈ మాదిరినే అడగాలి. కాంట్రాక్టు కార్మికులు శాంపిల్‌లో ఉండాలి, కులం కాలమ్ ఉండాలి. ఎవరి ఒంటి వివరాలు వాళ్ల పేరుతో యాజమాన్యానికి చేరకూడదు. ఫలితం ఏదైనా ప్రచురించే హక్కు పరిశోధకుడికే ఉండాలి. నిధి ఒప్పందంలో ఈ నాలుగూ లేకపోతే ఆ డబ్బు వద్దనడమే మంచిదని నా అభిప్రాయం.

గ్రాంటు వచ్చేదాకా ఆగక్కర్లేని పనీ ఒకటుంది. సింగరేణిలో 51 శాతం రాష్ట్రానిది, 49 శాతం కేంద్రానిది. కాబట్టి సమాచార హక్కు చట్టం వర్తిస్తుంది. గత ఐదేళ్లలో గోదావరిఖని ఏరియా ఆసుపత్రి ఎముకల విభాగానికి ఏ డిజిగ్నేషన్ వాళ్లు ఎంతమంది వచ్చారు, మెడికల్ బోర్డు ఎంతమందిని ఏ కారణంతో అన్‌ఫిట్ చేసింది, 2007 సిఫారసుల ప్రకారం ఏ యంత్రాల కుదుపు కొలిచారు, ఆ నివేదికల నకళ్లు ఇవ్వండి అని అడగవచ్చు. పేర్లు అడగవద్దు, సంఖ్యలు చాలు. ఫీజు 10 రూపాయలు.