తూకం యంత్రం చెప్పని మాట టైలరు టేపు చెబుతుంది

మైపాడు నుంచి జువ్వలదిన్నె దాకా నెల్లూరు తీరంలో ఏ ఊరికెళ్లినా ఈ వాలకం మనుషులు కనిపిస్తారు. చేతులూ కాళ్లూ సన్నగా ఉంటాయి, పొట్ట మాత్రం చొక్కా గుండీలను లాగుతుంటుంది. "ఒళ్లేమీ లేదు, కాస్త పొట్టేగా" అని ఇంట్లోవాళ్లు సర్దిచెప్పుకుంటారు. అసలు పట్టించుకోవలసింది ఆ పొట్టనే.

90, 80

నడుము చుట్టుకొలత మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు చేరితే జాగ్రత్తపడాలి. అంటే సుమారు 35, 31 అంగుళాలు. దక్షిణాసియా వాళ్లకు అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య పెట్టిన హద్దులివి. యూరప్ మగవాళ్లకైతే హద్దు 94. ప్యాంటు సైజును నమ్ముకోవద్దు, దాన్ని పొట్ట కిందికి జార్చి కట్టుకుంటాం. చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ మధ్యన టేపు చుట్టి, ఊపిరి మామూలుగా వదిలాక కొలవాలి.

21.2, 9.1

పుణె వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ వైద్యుడు జాన్ యుడ్కిన్ 2004లో ‘లాన్సెట్’ పత్రికలో తమ లెక్కలే ప్రచురించారు. ఇద్దరి బీఎంఐ (ఎత్తును బట్టి బరువు లెక్క) ఒకటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. సన్నగా కనిపించే మనవాళ్లకూ షుగరు ఎందుకొస్తుందో ఈ ఒక్క లెక్క చాలావరకు చెబుతుంది.

10 కిలోలు

వేళ్లతో పట్టుకుంటే దొరికేది చర్మం కింది కొవ్వు. ప్రమాదకరమైనది పేగుల చుట్టూ, లోపలి అవయవాల మధ్య పేరుకునేది. దాన్నుంచి విడుదలయ్యే కొవ్వు ఆమ్లాలు నేరుగా కాలేయానికి చేరతాయి. కాలేయానికి కొవ్వు పడుతుంది, ఇన్సులిన్ మాట చెల్లదు. షుగరు, బీపీ, గుండెజబ్బు ముప్పు పెరుగుతుంది. అమెరికాలో 15 మంది మహిళలకు లైపోసక్షన్‌తో చర్మం కింది కొవ్వు దాదాపు 10 కిలోల చొప్పున తీసేసినా ఇన్సులిన్ పనితీరు మెరుగుపడలేదని 2004లో తేలింది. లోపలి కొవ్వు లోపలే ఉండిపోయింది మరి.

39.5

ఐసీఎంఆర్-ఇండియాబ్ సర్వే 2023లో ప్రకటించిన లెక్కల ప్రకారం దేశంలో బీఎంఐ లెక్కన ఊబకాయం ఉన్నవాళ్లు 28.6 శాతం, పొట్ట పెరిగినవాళ్లు 39.5 శాతం. అంటే బీఎంఐ మాత్రమే చూస్తే ఎందరో లెక్కకు అందకుండా పోతారు.

62

మనం తినే కేలరీల్లో 62 శాతం అన్నం, గోధుమ, చక్కెర వంటి పిండిపదార్థాలవే. తీరంలో తెడ్డు స్థానంలో మోటారొచ్చింది, రొయ్యల గుంటల గట్ల మీద నడక పోయి బైకొచ్చింది. కంచంలో అన్నం మాత్రం పాత కొలతే. చేపల పులుసును తప్పుపట్టనక్కర్లేదు. 100 గ్రాముల చేపలో సుమారు 20 గ్రాముల మాంసకృత్తులుంటాయి. ఆ పులుసు రుచికి ఇంకో రెండు గరిటెల అన్నం లాగించేయడమే చిక్కు. 100 గ్రాముల బియ్యమంటే దాదాపు 350 కేలరీలు.

150

పొట్ట తగ్గాలంటే చేయాల్సింది ఇదే: వారానికి కనీసం 150 నిమిషాల చురుకైన నడక, ఒక గరిటె అన్నం తగ్గించి ఆ చోట ఇంకో చేపముక్క లేదా పప్పు. పొట్ట వ్యాయామాలు ఒక్కటే చేస్తే లోపలి కొవ్వు కరగదు, ఒళ్లంతా కదలాలి. బరువులో 5 నుంచి 10 శాతం తగ్గినా లోపలి కొవ్వు బాగానే దిగుతుంది.

ఈ రోజే ఇంట్లో అందరి నడుమూ కొలవండి. హద్దు దాటినవాళ్లకు షుగరు, బీపీ పరీక్షలు చేయించండి.