మంచుమీద రచ్చబండ

సీజన్‌ మొదలై వారం కూడా కాదు. ‘ఈసారి కప్పు మనదే’ అని ఒకాయన తేల్చేస్తాడు. ‘ముందు కోచ్‌ని ఇంటికి పంపమనండి’ అని పక్కాయన పెదవి విరుస్తాడు. అక్టోబరు వచ్చిందంటే చాలు... కెనడా, అమెరికాల్లో ఐస్‌హాకీ అభిమానుల కబుర్లు ఇలాగే సాగుతాయి. వాటిలో నిజమెంత? ఆవేశమెంత?

హాకీ అనగానే మనకు ధ్యాన్‌చంద్‌ గుర్తొస్తాడు. పచ్చటి మైదానం కళ్లముందు మెదులుతుంది. కెనడాలో అదే మాట అంటే తెల్లటి మంచు తప్ప మరోటి తోచదు. అక్కడ హాకీ అంటే ఐస్‌హాకీయే. మనవాళ్లు ఆడేది వాళ్ల లెక్కలో ‘ఫీల్డ్‌ హాకీ’! కాళ్లకు పదునైన స్కేట్లు, చేతిలో కర్ర, బంతికి బదులు ‘పక్‌’ అనే గట్టి రబ్బరు బిళ్ల. గోల్‌కీపర్‌తో కలిపి జట్టుకు ఆరుగురు. ఇరవై నిమిషాల చొప్పున మూడు భాగాలు. ఇదీ ఆట.

ఈ ఆటకు అన్నిటికన్నా పెద్ద వేదిక నేషనల్‌ హాకీ లీగ్‌. క్లుప్తంగా ఎన్‌హెచ్‌ఎల్‌. మొత్తం 32 జట్లు. అక్టోబరులో మొదలై ఏప్రిల్‌ దాకా ఒక్కో జట్టూ 82 మ్యాచ్‌లు ఆడటం చాలా ఏళ్లు నడిచిన పద్ధతి. 2026-27 సీజన్‌ నుంచి వాటిని 84కి పెంచారు. చివరికి మిగిలే 16 జట్లు ప్లేఆఫ్స్‌కి వెళ్తాయి. అక్కడ నాలుగు అంచెల్లో 16 విజయాలు సాధించిన జట్టు జూన్‌లో స్టాన్లీ కప్పు అందుకుంటుంది. అంటే మొదటి మ్యాచ్‌ నాటికి కప్పు ఎనిమిది నెలల దూరంలో ఉంటుందన్నమాట.

అభిమానికి అంత ఓపిక ఎక్కడిది? సంక్రాంతి సినిమాకి మొదటి ఆట చూసొచ్చినవాళ్లు టీ కొట్టు దగ్గరే హిట్టో ఫట్టో తేల్చేయరూ... ఇదీ అంతే. కెనడాలో ఆ టీ కొట్టు పాత్రని చాలాచోట్ల టిమ్‌ హార్టన్స్‌ కాఫీ షాపులు పోషిస్తుంటాయి. అన్నట్టు, 1964లో ఆ షాపుని మొదలుపెట్టిన టిమ్‌ హార్టన్‌ కూడా హాకీ ఆటగాడే. టొరంటో మేపుల్‌ లీఫ్స్‌ తరఫున నాలుగుసార్లు కప్పు గెలిచాడు. చివరిసారి 1967లో. ఆ తర్వాత 2025 దాకా టొరంటోకి మళ్లీ కప్పు దక్కలేదు. అందుకే అక్కడ ప్రతి అక్టోబరులోనూ ఆశ అంత గట్టిగా ఉంటుంది, నిరాశ అంత త్వరగా వస్తుంది.

జోస్యాలు ఫలించవు!

టొరంటోకి మాంట్రియల్‌ కెనేడియన్స్‌ చిరకాల ప్రత్యర్థి. 2021 నుంచి 2025 దాకా వరసగా ఐదేళ్లూ ఈ రెండు జట్లూ ఒకదానితో ఒకటి తలపడే సీజన్‌ మొదలుపెట్టాయి. 2021లో టొరంటో గెలిచింది. 2022లో మాంట్రియల్‌. 2023లో టొరంటో. 2024లో మాంట్రియల్‌. 2025లో మళ్లీ టొరంటో. వంతులేసుకుని గెలిచినట్టు లేదూ!

2022లో 4-3తో గెలిచిన రాత్రి మాంట్రియల్‌ సంబరం అంతా ఇంతా కాదు. తీరా సీజన్‌ ముగిసేసరికి ఆ జట్టు ప్లేఆఫ్స్‌ దరిదాపుల్లో కూడా లేదు. ఓడిన టొరంటో మాత్రం 111 పాయింట్లు తెచ్చుకుంది. 2004 తర్వాత మొదటిసారి ప్లేఆఫ్స్‌లో ఒక అంచె దాటింది. మొదటి రోజు ఫలితం చూసి జోస్యం చెప్పినవాళ్లంతా నాలిక కరుచుకోవాల్సి వచ్చింది.

2016 అక్టోబరు 12 కథ ఇంకా తమాషా. ఆస్టన్‌ మాథ్యూస్‌ అనే 19 ఏళ్ల కుర్రాడు టొరంటో తరఫున జీవితంలో మొదటి ఎన్‌హెచ్‌ఎల్‌ మ్యాచ్‌ ఆడాడు. ఒకటి కాదు రెండు కాదు, నాలుగు గోల్స్‌ కొట్టాడు! ఆధునిక కాలంలో తొలి మ్యాచ్‌లోనే ఆ పని చేసినవాడు మరొకడు లేడు. తీరా చూస్తే మ్యాచ్‌ గెలిచింది మాత్రం ఒట్టావా, అదనపు సమయంలో 5-4తో. టొరంటో అభిమానులు ఆ రాత్రి ఏడవాలో నవ్వాలో తెలియక సతమతమయ్యారు.

ఇక 2018-19 సీజన్‌ అయితే జోస్యం చెప్పేవాళ్లకి పెద్ద గుణపాఠం. ఆ నవంబరులో బఫలో సేబర్స్‌ జట్టు వరసగా పది మ్యాచ్‌లు గెలిచింది. మొత్తం లీగ్‌లోనే అగ్రస్థానానికి చేరింది. ఇటు సెయింట్‌ లూయిస్‌ బ్లూస్‌ జట్టు నవంబరులోనే కోచ్‌ని మార్చింది. అయినా లాభం లేకపోయింది. 2019 జనవరి 3 ఉదయానికి లీగ్‌లోని 31 జట్లలో దానిదే ఆఖరి స్థానం. కానీ ఏం జరిగింది? బఫలో ప్లేఆఫ్స్‌కే వెళ్లలేదు. జోర్డన్‌ బినింగ్టన్‌ అనే కొత్త గోల్‌కీపర్‌ అండతో సెయింట్‌ లూయిస్‌ అంచెలంచెలుగా పైకొచ్చింది. జూన్‌ 12న బోస్టన్‌ని ఓడించి తన చరిత్రలోనే తొలిసారి కప్పు అందుకుంది.

2023లో ఎడ్మంటన్‌ ఆయిలర్స్‌ పరిస్థితీ అంతే. మొదటి 13 మ్యాచ్‌ల్లో మూడే గెలిచింది. కోచ్‌కి ఉద్వాసన పలికారు. అదే జట్టు ఆ తర్వాత వరసగా 16 మ్యాచ్‌లు గెలిచి, 2024 జూన్‌లో ఫైనల్స్‌ ఏడో మ్యాచ్‌ దాకా వెళ్లింది. ఒక్క గోల్‌ తేడాతో కప్పు చేజార్చుకుంది.

...అయినా ఆ రెండు పాయింట్లే!

అయితే తొలి మ్యాచ్‌లకు విలువే లేదా? అక్కడే ఉంది కిటుకు. భవిష్యత్తు చెప్పడానికి అవి పనికిరావు. లెక్కకు మాత్రం వస్తాయి. గెలిస్తే రెండు పాయింట్లు. అదనపు సమయంలోనో, ఆ తర్వాతి షూటవుట్‌లోనో ఓడితే ఒకటి. మామూలుగా ఓడితే సున్నా. అక్టోబరు పాయింటుకూ ఏప్రిల్‌ పాయింటుకూ తూకంలో తేడా లేదు.

2024 అక్టోబరు 9న మాంట్రియల్‌ సొంతగడ్డపై టొరంటోని 1-0తో ఓడించింది. ఆ రాత్రి గోల్‌కీపర్‌ సామ్‌ మాంటెంబో 48 షాట్లు ఆపాడు. ‘అదృష్టం కొద్దీ గెలిచారు’ అని టొరంటో వాళ్లు ఈసడించారు. ఆ మ్యాచ్‌ సంగతి జనం మరిచిపోయారు కూడా. ఆరు నెలలు గడిచాయి. ఏప్రిల్‌ మధ్యలో తూర్పు విభాగంలో ఒకే ఒక్క స్థానం మిగిలింది. దానికోసం మాంట్రియల్‌, కొలంబస్‌ జట్లు ఊపిరి బిగబట్టి పోటీపడ్డాయి. చివరికి మాంట్రియల్‌కి 91 పాయింట్లు. కొలంబస్‌కి 89. తేడా... సరిగ్గా రెండు!

ఆ కొలంబస్‌ జట్టుది మామూలు సీజన్‌ కాదు. సీజన్‌కి ముందు 2024 ఆగస్టు 29న ఆ జట్టు ముఖ్య ఆటగాడు జానీ గోడ్రో, అతని తమ్ముడు మాథ్యూ సైకిళ్ల మీద వెళ్తుండగా కారు ఢీకొని చనిపోయారు. మర్నాడు వాళ్ల చెల్లెలి పెళ్లి. అక్టోబరులో సొంతగడ్డపై తొలి మ్యాచ్‌ మొదలైనప్పుడు కొలంబస్‌ ఆటగాళ్లు గోడ్రో ఆడే ఎడమవైపు చోటుని ఖాళీగా వదిలి నిలబడ్డారు. అతని జెర్సీ నంబరు 13. గడియారంలో 13 సెకన్లు గడిచేదాకా రెండు జట్లూ ఆట మొదలుపెట్టలేదు. అంత దుఃఖాన్ని మోస్తూనే ఏప్రిల్‌ దాకా పోరాడారు. చివరి ఆరు మ్యాచ్‌లూ గెలిచారు. అయినా రెండు పాయింట్లు తగ్గాయి. ‘అక్టోబరులో ఒక్క మ్యాచ్‌ గెలిచుంటే’ అని అభిమానులు అనుకోకుండా ఎలా ఉంటారు?

‘పైభాగంలో దెబ్బ’

ఫలితాల చర్చ పూర్తయ్యాక రచ్చబండలో రెండో అంశం గాయాలు. ఇక్కడో విచిత్రం ఉంది. ఆటగాడికి ఏమైందో జట్లు సూటిగా చెప్పవు. ‘ఒంటి పైభాగంలో దెబ్బ’, ‘కింది భాగంలో దెబ్బ’... అంతే! మణికట్టు అని చెబితే ప్రత్యర్థులు అక్కడే గురిచూసి కర్ర విసురుతారేమోనని భయం. దాంతో అభిమానులే డాక్టర్లయిపోతారు. కుంటుకుంటూ వెళ్లిన వీడియోని పదిసార్లు చూసి ‘మోకాలే’ అని ఒకరు, ‘కాదు మడమ’ అని ఇంకొకరు వాదులాడుకుంటారు.

సీజన్‌ మొదట్లో తగిలే దెబ్బ మొత్తం లెక్కని తారుమారు చేస్తుంది. ఎన్నో ఏళ్లు ఎదురుచూసిన కానర్‌ మెక్‌డేవిడ్‌ 2015లో ఎడ్మంటన్‌కి వచ్చాడు. 13వ మ్యాచ్‌లో గోడని ఢీకొని కాలర్‌బోన్‌ విరగ్గొట్టుకున్నాడు. 37 మ్యాచ్‌లు దూరమయ్యాడు. 2024, 2025ల్లో వరసగా రెండుసార్లు కప్పు గెలిచిన ఫ్లోరిడా పాంథర్స్‌కి 2025 సెప్టెంబరులో సీజన్‌ మొదలవకముందే దెబ్బ తగిలింది. సాధనలోనే కెప్టెన్‌ అలెగ్జాండర్‌ బార్కోవ్‌ మోకాలి లిగమెంట్లు తెగిపోయాయి. ఏడు నుంచి తొమ్మిది నెలలు పడుతుందన్నారు. అంతే, అభిమానులు డాక్టర్ల అవతారం చాలించి ఆడిటర్లయ్యారు! జీతాల మొత్తానికి లీగ్‌లో పరిమితి ఉంది. 2025-26లో అది 9 కోట్ల 55 లక్షల డాలర్లు. ఆటగాడు దీర్ఘకాలం దూరమైతే అతని స్థానంలో ఇంకొకరిని తీసుకునేందుకు ఆ పరిమితి దాటే వెసులుబాటు ఇస్తారు. ‘బార్కోవ్‌ కోటి డాలర్లతో ఎవర్ని తేవచ్చు’ అన్నదే ఆ వారమంతా చర్చ.

దెబ్బతగిలినా ఆడటం హాకీలో గొప్ప. 1964 ఫైనల్స్‌ ఆరో మ్యాచ్‌లో టొరంటో ఆటగాడు బాబ్‌ బాన్‌ చీలమండ దగ్గర ఎముక విరిగింది. మందు పొడిపించుకుని మళ్లీ దిగి అదనపు సమయంలో గెలుపు గోల్‌ కొట్టాడు. 2013 ఫైనల్స్‌లో బోస్టన్‌ ఆటగాడు పాట్రిస్‌ బెర్జెరాన్‌ విరిగిన పక్కటెముక, తొలగిన భుజంతో ఆడాడు. ఆట అయ్యాక చూస్తే ఊపిరితిత్తికి చిల్లుపడింది. ఈ కథలు చెప్పుకుని తరాలుగా అభిమానులు మురిసిపోయారు.

ఆ మురిపెం ఇప్పుడు మునుపటిలా లేదు. కారణం... సిడ్నీ క్రాస్బీ లాంటివాళ్ల అనుభవం. 2011 జనవరిలో తలకు దెబ్బతగిలి పది నెలలకు పైగా ఆటకు దూరమయ్యాడు. నవంబరు 21న తిరిగొచ్చిన రోజే రెండు గోల్స్‌ కొట్టి, మరో రెండు కొట్టించాడు. పిట్స్‌బర్గ్‌ ఊగిపోయింది. కానీ ఎనిమిది మ్యాచ్‌లయ్యేసరికి లక్షణాలు తిరగబెట్టి మళ్లీ నెలల తరబడి ఇంట్లోనే. ‘ఎప్పుడొస్తాడు’ అని అడిగేవాళ్లు ‘అసలు రావచ్చా’ అని అడగడం అక్కడినుంచే ఎక్కువైంది.

ఆ తర్వాత మరో విషాదం. 2023 అక్టోబరు 28న ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో జరిగిన మ్యాచ్‌లో నాటింగ్‌హామ్‌ జట్టు ఆటగాడు ఆడమ్‌ జాన్సన్‌ మెడకి ప్రత్యర్థి స్కేటు తగిలి తెగింది. 29 ఏళ్లవాడు. ప్రాణం దక్కలేదు. అతను అంతకుముందు పిట్స్‌బర్గ్‌ తరఫున ఎన్‌హెచ్‌ఎల్‌లో 13 మ్యాచ్‌లు ఆడినవాడే. ఆ అక్టోబరులో గెలుపోటముల ఊసు పక్కకెళ్లి, మెడకు రక్షణ పట్టీ ఎందుకు తప్పనిసరి కాదన్న ప్రశ్న ముందుకొచ్చింది. అంతర్జాతీయ సమాఖ్య తన పోటీల్లో తప్పనిసరి చేసింది. ఎన్‌హెచ్‌ఎల్‌లో 2026-27 నుంచి కొత్తగా అడుగుపెట్టేవాళ్లు పట్టీ కట్టుకోవాల్సిందేనని ఒప్పందం కుదిరింది.

పగ అంటే పగే!

మూడో అంశం వైరం. అది లేకపోతే అన్ని మ్యాచ్‌లు చూడటం ఎవరివల్లా కాదు. ఎడ్మంటన్‌, కాల్గరీ రెండూ ఆల్బర్టా రాష్ట్రంలోని ఊళ్లే. మధ్య దూరం సుమారు 300 కిలోమీటర్లు, దాదాపు హైదరాబాదుకీ విజయవాడకీ ఉన్నంత. ఎడ్మంటన్‌కి ఆయిలర్స్‌. కాల్గరీకి ఫ్లేమ్స్‌. ఒక ఊరి జెర్సీ వేసుకుని ఇంకో ఊళ్లో మ్యాచ్‌కి వెళ్లాలంటే గుండె ధైర్యం కావాలి.

1984, 85ల్లో ఆయిలర్స్‌ వరసగా కప్పు గెలిచింది. 1986 ఏప్రిల్‌ 30న ప్లేఆఫ్స్‌లో ఫ్లేమ్స్‌తో ఏడో మ్యాచ్‌. స్కోరు 2-2. ఆయిలర్స్‌ యువ ఆటగాడు స్టీవ్‌ స్మిత్‌ సొంత గోల్‌ పక్కనుంచి పక్‌ని ముందుకు కొట్టాడు. అది తమ గోల్‌కీపర్‌ గ్రాంట్‌ ఫ్యూర్‌ కాలికి తగిలి వెనక్కి వెళ్లి వలలో పడింది. ఆయిలర్స్‌ ఓడిపోయింది. ఆ రోజు స్మిత్‌ పుట్టినరోజు. 23 ఏళ్లు నిండాయి. మంచుమీదే కుప్పకూలి ఏడ్చాడు. ఆ తర్వాత కాల్గరీ జనం అతని చేతికి పక్‌ చిక్కినప్పుడల్లా ‘కొట్టు’ అని అరుస్తూ గేలిచేసేవాళ్లు.

మరుసటి ఏడాది ఆయిలర్స్‌ మళ్లీ కప్పు గెలిచింది. కెప్టెన్‌ వేన్‌ గ్రెట్జ్‌కీ ఆనవాయితీ ప్రకారం కప్పుని ముందు తనే అందుకున్నాడు. వెంటనే తిరిగి దాన్ని మొట్టమొదట ఎవరికిచ్చాడో తెలుసా? స్టీవ్‌ స్మిత్‌కి! 

వలస వచ్చినవాళ్లకీ ఈ రచ్చబండలో చోటుంది. 2008లో కెనడా ప్రభుత్వ టీవీ హాకీకి పంజాబీ వ్యాఖ్యానం మొదలుపెట్టింది. కర్రతో బలంగా బాదే ‘స్లాప్‌షాట్‌’కి వాళ్లు చెంపదెబ్బ అనే అర్థమొచ్చే పంజాబీ మాట వాడారు. తాతలు కూడా టీవీ ముందు కూర్చుని మనవలతో కలిసి వాదించడం మొదలెట్టారు.

కాబట్టి అక్టోబరులో ఎవరైనా ‘ఈసారి కప్పు మనదే’ అంటే నవ్వకండి. ‘పనైపోయింది’ అంటే నమ్మకండి. ఆ రాత్రి రెండు పాయింట్లు ఎవరికొచ్చాయో మాత్రం కాగితం మీద రాసిపెట్టుకోండి. ఏప్రిల్‌లో అవసరం పడొచ్చు!