విశ్వవిద్యాలయములలో ఎలక్ట్రానిక్ వ్యర్థములు: చెన్నపురి ననుసరించి ఒక పరిశీలనము

చెన్నపురి విద్యానగరము. 1857లో స్థాపితమైన మద్రాసు విశ్వవిద్యాలయము, 1959లో వెలసిన ఐ.ఐ.టి., 1978లో ఏర్పడిన అన్నా విశ్వవిద్యాలయము, వీనికి తోడు ఎన్నియో కళాశాలలు ఇచట కలవు. 1973లో ఐ.ఐ.టి.కి వచ్చిన ఐ.బి.యం. 370 యంత్రమునకు ప్రత్యేకముగా గదులు కావలసివచ్చెను. నేడు అంతకంటె శక్తిగల యంత్రము ప్రతి విద్యార్థి జేబులోను ఉన్నది. నాలుగైదేండ్లకే అది పాతబడుచున్నది.

2022లో ప్రపంచమంతట పోగైన ఎలక్ట్రానిక్ వ్యర్థము 6 కోట్ల 20 లక్షల టన్నులని ఐక్యరాజ్య సమితి సంస్థల అంచనా. అందు క్రమపద్ధతిని సేకరింపబడినది నాల్గవ వంతునకు లోపే.

ఒక శాఖలో కంప్యూటరు చెడినచో అది వెంటనే బయటికి పోదు. స్టాకు రిజిస్టరులో పేరున్నంతకాలము అది ఆస్తియే. దానిని కదల్చుటకు ఏ గుమాస్తాకును ధైర్యము చాలదు. మరమ్మతునకు పనికిరాదను ధ్రువపత్రము, సంఘముయొక్క తీర్మానము, ఆడిటు అనుమతి, ఇవన్నియు ముగియులోపల యంత్రము మెట్లక్రింది గదిలో దుమ్ము పట్టుచుండును. తుదకు వేలము. ఎక్కువ పాడినవానికే సరుకు.

చిక్కంతయు ఇచటనే ఉన్నది. తీగలను బయలున కాల్చి రాగిని, బోర్డులను ఆమ్లములో ముంచి బంగారమును తీయువానికి ఖర్చు స్వల్పము. పొగను వడబోయుటకు, ఆమ్లజలమును శుద్ధిచేయుటకు, కార్మికులను రక్షించుటకు ఏర్పాట్లుగల కర్మాగారమునకు ఖర్చు హెచ్చు. కావున మొదటివాడే ఎక్కువ ధర పాడగలడు. పాత మానిటరు గాజులో సీసమున్నది, ట్యూబులైటులో పాదరసమున్నది, కాలిన తీగపూతనుండి డయాక్సినులు వెలువడును. విద్యాలయమునకు చేరిన నాలుగు రూకలు ఎవరి ఊపిరితిత్తులను పాడుచేసి వచ్చినవో లెక్కల పుస్తకము చెప్పదు.

వేలమెంత ప్రమాదకరము కాగలదో 2010లో ఢిల్లీలో వెల్లడియైనది. అచటి విశ్వవిద్యాలయ రసాయనశాస్త్ర శాఖలో ఏండ్ల తరబడి వాడుకలేని గామా వికిరణ యంత్రము పాతసామానుగా అమ్ముడుపోయి మాయాపురి బజారు చేరెను. దానిని విప్పగా బయల్పడిన కోబాల్టు–60 వలన పలువురు జబ్బుపడిరి, ఒకరు మరణించిరి. రేడియోధార్మిక పదార్థములు వేరు చట్టమునకు లోబడినవే. అయినను తప్పుయొక్క స్వరూపమొక్కటే: వస్తువులో నేమున్నదో యెరుగక అమ్ముట.

చట్టము లేకపోలేదు. ఎలక్ట్రానిక్ వ్యర్థముల నిబంధనలు మొదట 2011లో వెలువడి 2012 మే 1 నుండి అమలైనవి. 2016లో మారినవి. 2022 నాటి నిబంధనలు 2023 ఏప్రిల్ 1 నుండి అమలునకు వచ్చినవి. వీని పట్టికలోని ఉపకరణములను ఒక ఆర్థిక సంవత్సరములో ఎప్పుడైనను వేయింటికి తక్కువకాకుండ వాడిన సంస్థ ‘భారీ వినియోగదారు’. అట్టి సంస్థ తన వ్యర్థమును నమోదైన ఉత్పత్తిదారునకో, మరమ్మతుదారునకో, పునశ్శుద్ధి కర్మాగారమునకో మాత్రమే ఇయ్యవలెను. ఫ్రిజ్జులు, ఏ.సి.లు, ప్రయోగశాల పరికరములు కూడ లెక్కకు వచ్చును గనుక పెద్ద విశ్వవిద్యాలయమేదియు వేయి సంఖ్యను తప్పించుకొనజాలదు.

కావున మొదట మారవలసినది వేలపు షరతు. నమోదుగలవారు మాత్రమే పాడవలెనని నియమించినచో ధర తగ్గును. ఆ తగ్గుదలను నష్టముగ గాక న్యాయమైన ఖర్చుగ ఆడిటువారు అంగీకరింపవలెను. ఇది సులభము కాదు. రెండవది, కొనునప్పుడే కాలము తీరిన యంత్రమును తిరిగి తీసికొను బాధ్యతను అమ్మకందారుపై ఉంచుట. మూడవది, హార్డుడిస్కుల సంగతి. ఫైలును తొలగించినంతమాత్రమున అందలి విషయము చెరిగిపోదు. విద్యార్థుల మార్కులు, పరిశోధకుల వ్రాతలు అట్లే బజారునకు పోవును. పూర్తిగ చెరిపిన పిదపనే యంత్రము గది దాటవలెను.

చెడినదెల్ల వ్యర్థము కాదు. ఒక శాఖకు చాలని కంప్యూటరు మరియొక గ్రంథాలయమున సూచిక చూచుటకు చాలును. మౌంటురోడ్డు చెంతనున్న రిచ్చీవీధి మరమ్మతుదారుల నేర్పు జగద్విదితము. పాతవస్తువులు గలవారిని, వానిని వాడగలవారిని కలుపుటకై మద్రాసు ఐ.ఐ.టి.లోని ఇండో–జర్మను కేంద్రము ‘ఈ–సోర్సు’ అను వేదికను తలపెట్టినట్లు 2021లో ప్రకటింపబడినది.

వసతిగృహముల సంగతి వేరు. విద్యార్థుల చార్జర్లు, ఫోనులు సంస్థ రిజిస్టరులో ఉండవు. ఏటేట గదులు ఖాళీచేయునాడు అవి చెత్తకుండీలోనే పడును. ఆ నాలుగు దినములు ప్రతి గృహద్వారమున ఒక పెట్టె నుంచి, బ్యాటరీలకు ప్రత్యేక నిబంధనలున్నవి గనుక వానిని వేరుగా తీసికొన్నచో, ఖర్చు స్వల్పము. రాబడి మాత్రము చాల ఉండును.