గణకయంత్రమునకు మారుపట్టిక

శ్రీహరికోటనుండి రాకెట్టు పైకి లేచుటను నెల్లూరు తీరమునందలి మన శ్రోతలు పలుమారులు చూచియే యుందురు. 2022 వరకు ఆ దీవి నెల్లూరు జిల్లాలోనిదే. రాకెట్టు ఏ క్షణమున ఎటు, ఎంత వంగవలెనో తెలుపు పట్టిక యొకటి దానిలోని కంప్యూటరునందుండును. ఆ ఋతువులో సాధారణముగా వీచు గాలులను బట్టి దానిని కూర్చినను, ప్రయోగదినమున గాలి ఆ లెక్కను మన్నింపదు. కావున ఆనాటి గాలిని కొలిచి, దానికి తగిన పట్టిక నమర్చు పద్ధతిని, తరువాతి కాలమున ఇస్రో అధ్యక్షుడైన కె. శివన్ రూపొందించి అమలుపరచెను.

అక్కడ పట్టికను కూర్చినవారే మార్చుకొందురు. ఇంటి కంప్యూటరులో కూర్చినవాడొకడు, మార్చువాడు వేరొకడు; చిక్కంతయు అందే యున్నది. మీట నొక్కగానే మొదట మేల్కొనునది మదర్‌బోర్డుపై చిప్‌లో తయారీదారు నిక్షేపించిన ఫర్మ్‌వేర్. బ్యాటరీని గుర్తించుటెట్లు, ఫ్యాను ఎప్పుడు తిరుగవలెను, మూత మూసినచో నిద్రించుటెట్లు అను సంగతులను అది పట్టికలుగా ఆపరేటింగ్ సిస్టమ్‌నకు అప్పగించును. 1996లో ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా సంస్థలు వెలువరించిన ఏ.సి.పి.ఐ. అను నియమావళి వీనికాధారము. ఇవి వట్టి అంకెల జాబితాలు కావు. కొన్నిటిలో ఆపరేటింగ్ సిస్టమ్ చదివి నడపవలసిన చిన్న ప్రోగ్రాములును ఉండును.

అందు తప్పు దొరలినచో నిద్రించిన యంత్రము మరల లేవకపోవచ్చును. బ్యాటరీ నిండుగా నున్నదని చూపుచునే ఆరిపోవచ్చును. తుపాను రాత్రి కరెంటు లేనప్పుడు ఆ బాధ ఎంతటిదో మనకు వేరుగా చెప్పనక్కరలేదు. తయారీదారు సవరించిన ఫర్మ్‌వేర్ నిచ్చినచో అదియే మేలు. పాత యంత్రములను పట్టించుకొనువారు అరుదు.

అప్పుడు లినక్స్‌లో మారుపట్టికకు త్రోవ కలదు. ఉన్న పట్టికను బయటకు తీసి, ఐ.ఎ.ఎస్.ఎల్. అను సాధనముతో మనుష్యులు చదువదగిన రూపమునకు తెచ్చి, తప్పు దిద్ది, కూర్పు సంఖ్యను పెంచి, తిరిగి యంత్రభాషలోనికి మార్చి, ఆరంభమున లినక్స్ ఎక్కించుకొను ఫైళ్ల కట్టకు ముందు చేర్చవలెను. సంఖ్య పెంచుట మరచినచో క్రొత్తదానిని అది స్వీకరింపదు.

చిప్‌లోని మూలము మాత్రము చెక్కుచెదరదు. పురోహితుడు అచ్చు పంచాంగములోని ఘడియలను మన ఊరి సూర్యోదయమునకు సవరించి చెప్పును గాని పుస్తకమును దిద్దడు గదా! కట్టనుండి మారుపట్టికను తీసివేసినచో మరుసటి ఆరంభమున పాతదే అమలగును. అయినను ఫ్యానునకు సంబంధించిన వరుసలను తెలియక కదపరాదు. వేడికి యంత్రమే చెడవచ్చును.

ఇంకొక జాగ్రత్త. ఈ పట్టికలలోని ప్రోగ్రాములను నడపునది లినక్స్ మూలభాగమే గనుక, దుర్బుద్ధితో కూర్చిన పట్టిక యంత్రమునంతటిని వశము చేసికొనగలదు. అందుచే 2019లో వెలువడిన 5.4 కూర్పు మొదలు, లాక్‌డౌన్ అను కట్టుదిట్టము అమలులో నున్న యంత్రములలో లినక్స్ ఏ మారుపట్టికను గాని అంగీకరింపదు.