నడుము దెబ్బతిన్న పిమ్మట బరువెత్తుట

నేలపై నున్న బరువైన కడ్డీని రెండు చేతులతో పట్టి, నిటారుగా లేచి నిలుచుటను డెడ్‌లిఫ్ట్ అందురు. పవర్‌లిఫ్టింగు పోటీలలో ఇది మూడవ అంశము. ఒకసారి నడుము దెబ్బతిన్నవారు దీని పేరు వినగానే జంకుదురు. అయితే నీళ్లబిందెను, బియ్యపుమూటను, చంటిబిడ్డను ఎత్తకుండ ఇల్లు గడచునా? భయపడి బహుకాలము మంచము పట్టియున్నచో కండరములు మఱింత బలహీనమగును.

నడుములో ఐదు పూసలును, వాని నడుమ డిస్కులను మెత్తని బిళ్లలును గలవు. బిందెను చేయి చాచి పట్టినచో ఎక్కువ బరువుగా తోచును గదా! అట్లే బరువు దేహమునకు దూరమైనకొలది నడుము కండరములు మిక్కిలి బిగియును. ఆ ఒత్తిడి బిళ్లలపై పడును. కావున కడ్డీ కాళ్లను ఆనుకొనియే పైకి రావలెను. వంగవలసినది నడుము కాదు, తుంటికీలు.

దీనిని నేర్చుటకు ఒక కఱ్ఱ చాలును. వైద్యుని అనుమతి పొందిన పిమ్మట, కఱ్ఱను వెన్ను వెంబడి నిలువుగా పట్టుకొనవలెను. అది తలవెనుకను, వీపును, పిరుదుల నడిమి ఎముకను తాకుచుండవలెను. మోకాళ్లు కొంచెము మడచి, పిరుదులను వెనుకకు నెట్టుచు వంగవలెను. మూడుచోట్లలో ఎక్కడ కఱ్ఱ విడిపోయినను వెన్ను వంగినదని గుర్తు. ఇది కుదిరినగాని బరువు ముట్టరాదు. వ్యాయామశాలలోని పెద్దకడ్డీ వట్టిదే 20 కిలోలుండును. కనుక అంతకంటె తేలికయైన బరువును ఎత్తుపీటపై నుంచి ఆరంభించి, వారములతరబడి మెల్లగా పెంచవలెను.

నొప్పి కాలిలోనికి ప్రాకినను, కాలు తిమ్మిరెక్కినను వెంటనే ఆపి వైద్యునకు చూపవలెను. మలమూత్రములపై పట్టు తప్పినచో క్షణమైనను జాగుచేయక ఆసుపత్రికి పోవలెను. ఇట్లు నేర్చిన వంపునే ఇంట బిందె నెత్తునపుడును పాటింపుడు.