చెలిమె తోడితే తెలుస్తుంది

వాగు ఎండిందా లేదా అన్నది గట్టు మీద నిలబడి చూస్తే తెలియదు. దిగి చెలిమె తోడాలి. మూరెడు లోతున తడి తగిలి, కాసేపటికి తేట నీరు ఊరితే వాగు బతికే ఉన్నట్టు.

తెలంగాణలోని తొగుట వైపు వాగంటే కూడవెల్లి వాగు. గజ్వేల్ దిక్కు నుంచి వచ్చి తొగుట, మిరుదొడ్డి, దుబ్బాక మీదుగా సాగి నర్మాల దగ్గర ఎగువ మానేరు చేరుతుంది. దారిలో కూడవెల్లి రామలింగేశ్వరుడి గుడి దగ్గర మాఘ అమావాస్యకు జాతర జరుగుతుంది.

ఇక్కడి నేల కింద ఉన్నది గట్టి రాయి. నీళ్లు నిలవాలంటే పైన చివికిన పొర, రాతి పగుళ్లు, వాగులోని ఇసుక, ఇవే చోట్లు. ఇసుక రేణువుల మధ్య ఖాళీ దాదాపు మూడో వంతు ఉంటుంది. వరద వచ్చినప్పుడు ఆ ఖాళీలు నిండుతాయి. తర్వాత పైపొర ఎండి మూతలా పనిచేస్తుంది కాబట్టి అడుగు నీరు ఆవిరి కాకుండా మెల్లగా పక్క బావులకూ బోర్లకూ దిగుతుంది. ఒక ట్రాక్టర్ ట్రాలీలో మూడు ఘనమీటర్ల ఇసుక పడుతుందనుకుందాం. ఆ ట్రాలీ వెళ్లిపోతే దాదాపు వెయ్యి లీటర్ల నీరు దాగే చోటు పోయినట్టే, అదీ ప్రతి వానాకాలానికీ.

2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ఈ సంగతి గుర్తించింది. చిన్న వాగుల ఇసుకను దాని నిబంధనలు చుట్టుపక్కల ఊళ్ల అవసరాలకే పరిమితం చేశాయి. కానీ అర్ధరాత్రి వాగులో ట్రాక్టర్ చప్పుడు వినేది ఊరే, అధికారి కాదు. అందుకే తెలంగాణలో వాగొడ్డు ఊళ్లు చాలాసార్లు తామే అడ్డం నిలబడ్డాయి. కష్టమెక్కడంటే, ట్రాక్టర్ నడిపేవాడు తరచుగా సొంత ఊరివాడే, చుట్టమే. పరాయివాడిని ఆపడం దీనికన్నా సులువు.

ఇసుకను కాపాడితే సగం పనే. వాగులోకి వాలే చెలకల మట్టి కొట్టుకొస్తే వాగుకు అడ్డంగా కట్టిన చెక్‌డ్యాం ఒండ్రుతో పూడుతుంది. పై వాలున గట్లు, కందకాలు, కుంటలు ఉంటేనే కింద వాగు నిలుస్తుంది.

2021లో కొండపోచమ్మసాగర్ జలాశయం నుంచి, ఎత్తిపోసిన గోదావరి నీటిని కూడవెల్లి వాగులోకి వదిలారు. తొగుట పక్కనే 50 టీఎంసీల మల్లన్నసాగర్ జలాశయం 2022 ఫిబ్రవరి 23న ప్రారంభమైంది. వేములఘాట్ లాంటి ఊళ్లు దానికోసం ఖాళీ అయ్యాయి. అయినా 2024 ఎండల్లో వాగుకు నీళ్లు వదలాలని అడగాల్సి వచ్చింది. ఎత్తిపోసిన నీరు మంచిదే, కాదనను. అయితే అది గేటు తెరిచిననాడు వచ్చే నీరు. ఇసుకలోని నీరు ఎవరి సంతకం కోసమూ ఆగదు.

నేల కింది నీటిని లెక్కపెట్టుకోవడం రైతులకు చేతనైన పనే. 2003 తర్వాత ఉమ్మడి రాష్ట్రంలో నల్లగొండ, మహబూబ్‌నగర్ సహా ఏడు కరువు జిల్లాల్లో ఏపీఫామ్‌జీఎస్ (APFAMGS) అనే పథకం నడిచింది. అందులో రైతులే వాన కొలిచారు, బోర్లలో నీటిమట్టం చూశారు. యాసంగికి ముందు ఊరంతా కూర్చుని, ఉన్న నీటికి ఎంత వరి, ఎంత ఆరుతడి పంట అని లెక్క వేసుకున్నారు. ఏం వేయాలని ఎవరినీ బలవంతపెట్టలేదు. లెక్క మాత్రం అందరికీ కనబడేలా ఊళ్లో బోర్డు మీద రాశారు.